నేలపై నడచు పడవ

నీటిపై తేలుచున్న చిన్న పడవను ఒక్క చేతితో త్రోయవచ్చును. అదే పడవను ఒడ్డుకు లాగి నూరు గజములు తీసికొనిపోవలెనన్న ఇద్దరు మనుష్యులకు చెమటలు పట్టును. నీటిలో ఉన్నంతసేపు పడవ బరువును నీరే మోయును. నేలపైకి వచ్చిన పిదప ఆ బరువును మరియొకరు మోయవలెను. భుజము మోయవలెనా, చక్రము మోయవలెనా? చక్రమే అయినచో అది ఎంత పెద్దదిగా ఉండవలెను? ఇరుసు పడవక్రింద ఎచ్చట ఉండవలెను? ఇవి పడవవాని ప్రశ్నలు. కాని వీనికి సమాధానములు ఉన్నత పాఠశాలలో చెప్పెడి భౌతికశాస్త్ర పాఠములలోనే ఉన్నవి.

కనూ, మోతదారి

కనూ అనునది ఉత్తర అమెరికాలో పుట్టిన సన్నని, తేలికయైన పడవ. దాని రెండు కొనలును కోసుగా నుండును. ఒకరో ఇద్దరో అందులో కూర్చుండి చేతి తెడ్లతో నడపుదురు. కొల్లేటిలో తాటిదోనెలను చూచినవారు దీని రూపమును సులభముగా ఊహించుకొనగలరు. అయితే తాటిదోనె ఒకే మానును తొలిచి చేసినది కావున మిక్కిలి బరువు. ఆ దేశపు ఆదివాసులు కనూను సన్నని కొయ్య ఎముకలపై బర్చి చెట్టు బెరడును కప్పి నిర్మించిరి. నీటిపై నడచుటకే గాక, నేలపై మోసికొనిపోవుటకు కూడ అనువుగా ఉండవలెననుటయే వారి ఉద్దేశము.

ఇట్టి అవసరము వచ్చుటకు కారణము ఆ భూమి స్వరూపము. కెనడాలోను, అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తర భాగమునను పూర్వపు హిమానీనదములు నేలను దొలిచి అసంఖ్యాకములైన సరస్సులను మిగిల్చినవి. ఒక సరస్సునకును మరియొక సరస్సునకును నడుమ రాతినేలయో, అడవియో, జలపాతమో అడ్డము వచ్చును. అచ్చట ప్రయాణికులు దిగి, పడవను, సామానును మోసికొని తరువాతి నీటిని చేరవలెను. ఈ పనికిని, పనిచేయు దారికిని కూడ ‘పోర్టేజి’ అను పేరు కలదు. మోయుట అను అర్థముగల ఫ్రెంచి పదమునుండి అది వచ్చినది. మనము దానిని ‘మోతదారి’ అనవచ్చును.

మోతదారులలో మిక్కిలి పేరుపొందినది సుపీరియర్ సరస్సు ఒడ్డున, నేటి మిన్నెసోటా రాష్ట్రములో ఉన్న గ్రాండ్ పోర్టేజి. దాని పొడవు సుమారు 13.7 కిలోమీటర్లు. 18వ శతాబ్దములో ఉన్ని చర్మముల వర్తకులకు పనిచేసిన పడవవాండ్రు ఒక్కొక్కరు ఒక్కొక్క నడకలో రెండేసి మూటలను ఈ దారిని మోసెడివారు. ఒక్కొక్క మూట 90 పౌనులు, అనగా సుమారు 41 కిలోగ్రాములు. మూటలకు కట్టిన తోలుపట్టీని నొసటికి తగిలించుకొని, ముందుకు వంగి, ఆ బరువుతో వారు నడచిరి.

చక్రము ఎందుకు?

నేడు వర్తకమునకై కనూలు నడపువారు లేరు. కాని సెలవులలో సరస్సులపై ప్రయాణము చేయువారు అనేకులు. అట్టివారికి ప్రసిద్ధమైన స్థలము కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములో, కారిబూ పర్వతములలో ఉన్న బౌరన్ సరస్సుల ఉద్యానవనము. 1961లో దీనిని రాష్ట్రీయ ఉద్యానవనముగా ఏర్పాటు చేసిరి. ఇచ్చటి సరస్సులు, నదులు, మోతదారులు కలసి సుమారు 116 కిలోమీటర్ల వలయముగా ఏర్పడినవి. బయలుదేరినవారు తిరిగి బయలుదేరిన తావునకే వత్తురు.

ఈ వలయములో కష్టము మొదటనే ఉన్నది. బయలుదేరిన చోటునుండి కిబీ సరస్సునకు 2.4 కిలోమీటర్లు, అచ్చటినుండి ఇండియన్ పాయింట్ సరస్సునకు 2 కిలోమీటర్లు, పిదప ఐజాక్ సరస్సునకు 1.6 కిలోమీటర్లు మోతదారులు. మొత్తము 6 కిలోమీటర్లు. వారము దినములకు పైగా సరిపడు తిండి సంచులలో నిండుగా ఉన్నప్పుడే ఈ దారులు వచ్చును.

ఇద్దరు ప్రయాణికులు ఉన్నారనుకొందము. పడవను, సామానును ఒక్క నడకలో మోయలేక రెండు నడకలలో మోసినచో, ప్రతి దారిని వారు మూడుసార్లు నడువవలెను: సామానుతో ఒకసారి, వట్టి చేతులతో వెనుకకు ఒకసారి, పడవతో మరల ఒకసారి. 6 కిలోమీటర్ల దారి 18 కిలోమీటర్లు అగును. పడవను చక్రములపై ఉంచి, కొంత సామానును అందులో వేసి, మిగిలినదానిని వీపున తగిలించుకొన్నచో 6 కిలోమీటర్లతోనే సరిపోవును. నడివయస్సు దాటినవారు, భుజబలము చాలనివారు కూడ ఆ సరస్సులను చూడగల్గుట చక్రమువలననే.

అయితే అన్నిచోట్లను చక్రమునకు అనుమతి లేదు. మిన్నెసోటా ఉత్తర సరిహద్దులోని ‘బౌండరీ వాటర్స్’ అను అరణ్యములో, ప్రత్యేకముగా పేర్కొన్న కొన్ని దారులలో తప్ప, పడవలను భుజములపైననే మోయవలెను. అరణ్యమును అరణ్యముగా నిలుపుటకై అమెరికాలో 1964లో చేసిన చట్టము యాంత్రిక రవాణాను నిషేధించినది. బౌరన్ సరస్సులలో చక్రములకు అనుమతి కలదు గాని, బండిపైనున్న పడవలో 28 కిలోగ్రాములకు మించి సామాను ఉండరాదు. బరువైన బండ్లు మెత్తని దారిని గాడులుగా కోయుటయు, ఆ గాడులలో వాననీరు నిలిచి దారి బురదగుటయు ఈ నియమమునకు కారణములు. కనుక బండిని ఎన్నుకొనుటకు పూర్వము తెలిసికొనవలసినది ఆ దారిలో అనుమతి ఉన్నదా, ఎంత బరువునకు ఉన్నది అనునది.

ఈ వ్యాసములోని లెక్కలకు అయిదు మీటర్ల పొడవు, 32 కిలోగ్రాముల బరువు గల కనూను, 28 కిలోగ్రాముల సామానును తీసికొందము. ఇరుసుపై పడు భారము మొత్తము 60 కిలోగ్రాములు. లాగెడి బలమును కూడ కిలోగ్రాముల బరువులలోనే చెప్పుకొందము.

రెండు విధములైన బండ్లు

అంగళ్లలో దొరకు చేతిబండ్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది పడవ వెనుక కొనకు తగిలించునది. చిన్నది, చవుక, కాని దానితో ముందు కొనను మనిషి ఎత్తిపట్టుకొని నడువవలెను. బరువు నడుమ ఉన్నచో సగము చక్రముపై, సగము చేతులపై పడును. అనగా 30 కిలోగ్రాములు చేతులకే. నీటి అంచునుండి వాహనమువరకు ఏబది అడుగులు పోవుటకు ఇది చాలును గాని మోతదారికి చాలదు.

రెండవది పడవ నడుమక్రింద ఉంచునది. ఇరుసుపై ఒక చట్రము, చట్రముపై పడవను ఆనించు రెండు దిండ్లు, రెండు ప్రక్కల రెండు చక్రములు దీని భాగములు. బరువంతయు చక్రములపై పడుటచే నడపువాడు దారి చూపుటయు, లాగుటయు మాత్రమే చేయును. దూరపు దారికి తగినది ఇదియే. ఇక మిగిలినది చక్రము ప్రశ్న.

చక్రము ఎంత పెద్దది?

అంగడిలోని నున్నని నేలపై అన్ని బండ్లును చక్కగా దొర్లును. బేధము తెలియునది దారిలో ఒక వేరు అడ్డము వచ్చినప్పుడు. 5 సెంటీమీటర్ల ఎత్తుగల వేరు దారికి అడ్డముగా ఉన్నదనుకొందము. చక్రము వేరునకు ఆనుకొని నిలిచిపోయినది. ఇప్పుడు లాగినచో చక్రము ఆ వేరు అంచునే ఆధారముగా చేసికొని పైకి తిరుగవలెను. అనగా చక్రమిప్పుడు ఒక మీట. వేరు అంచు దాని ఆధార బిందువు.

ఇరుసును అడ్డముగా ముందుకు లాగు బలము చక్రమును పైకెక్కింపజూచును. దాని భుజము ఇరుసునకును వేరు అంచునకును గల ఎత్తు తేడా. భారము చక్రమును వెనుకకు దింపజూచును. దాని భుజము ఇరుసునకును వేరు అంచునకును గల అడ్డపు దూరము. ఈ రెండు భుజములును, చక్రపు వ్యాసార్ధమును కలసి ఒక లంబకోణ త్రిభుజమగును. వ్యాసార్ధమే కర్ణము.

మొదట 25 సెంటీమీటర్ల వ్యాసముగల చిన్న చక్రమును చూడుడు. వ్యాసార్ధము 12.5 సెం.మీ. దానినుండి వేరు ఎత్తు 5 తీసివేయగా నిలువు భుజము 7.5. పైథాగరసు సిద్ధాంతము ననుసరించి అడ్డ భుజము 10. భ్రామకములు సమానము కావలెను గనుక, బలము × 7.5 = 60 × 10. బలము 80 కిలోగ్రాములు! మోయవలసిన బరువుకంటెను లాగవలసిన బలమే ఎక్కువ. ఇట్టి చోట బండిని లాగుటకంటె పడవను ఎత్తుకొనిపోవుట మేలు.

ఇప్పుడు 50 సెంటీమీటర్ల చక్రము. వ్యాసార్ధము 25, నిలువు భుజము 20, అడ్డ భుజము 15. బలము × 20 = 60 × 15. బలము 45 కిలోగ్రాములు. వేరు అదియే, భారము అదియే. చక్రము రెట్టింపు కాగానే బలము దాదాపు సగమునకు దిగినది.

మన ఎడ్లబండి చక్రము ఎందుకంత పెద్దదో కూడ ఈ లెక్కవలననే తెలియును. వ్యాసము 130 సెంటీమీటర్లనుకొన్నచో వ్యాసార్ధము 65, నిలువు భుజము 60, అడ్డ భుజము 25. 60 కిలోగ్రాముల భారమునకు కావలసిన బలము 25 కిలోగ్రాములే. గతుకులు, గట్లు, పొలముల గనుములు దాటవలసిన బండికి పెద్ద చక్రమును అమర్చిన వడ్రంగి ఈ లెక్క వేసి ఉండడు; తరతరముల అనుభవమే అతనికి లెక్క.

అయితే కనూకు 130 సెంటీమీటర్ల చక్రము పనికిరాదు. నీరు రాగానే బండిని విప్పి పడవలోనే వేసికొని పోవలెను గదా! 40 సెంటీమీటర్ల చక్రమునకు పై లెక్కనే వేసినచో సుమారు 53 కిలోగ్రాములు వచ్చును. 25 సెంటీమీటర్ల చక్రముతో పోల్చినచో ఇది ఎంతో మేలు. కనుక వేళ్లు, రాళ్లుగల దారికి 40 మొదలు 50 సెంటీమీటర్లవరకు గల చక్రములు తగినవి. సిమెంటు బాట, గట్టి ఇసుక మాత్రమే ఉన్నచోట చిన్నవి చాలును.

ఈ బలములను తగ్గించుకొను ఉపాయములు రెండు కలవు. ఒకటి, వేరును ఏటవాలుగా దాటుట. అప్పుడు ఒకసారికి ఒక చక్రమే ఎక్కును. సగము భారమునే ఎత్తవలసివచ్చును. రెండవది, తోడుగా నున్నవాడు బండి ప్రక్కన నిలిచి పడవ అంచును పట్టుకొని ముందుకే గాక పైకి కూడ ఎత్తుట. బలము వ్యాసార్ధమునకు లంబముగా ఉన్నప్పుడు దాని భుజము అన్నిటికంటె పొడవు, అనగా పూర్తి వ్యాసార్ధము. అప్పుడు చిన్న చక్రమునకు 80కి బదులు 48, పెద్ద చక్రమునకు 45కి బదులు 36 కిలోగ్రాములు చాలును. పరుగెత్తి గుద్ది దాటుట మాత్రము మంచిది కాదు. వేగము బండిని దాటించవచ్చును గాని, ఆ దెబ్బ ఇరుసును వంచును.

చక్రము చేయలేని పని కూడ ఒకటి కలదు. పదింట ఒకవంతు ఎత్తు లేచు వాలుపై 60 కిలోగ్రాములను ఎక్కించుటకు, చక్రము ఎంత పెద్దదైనను, 6 కిలోగ్రాముల బలము కావలసినదే. వాలుమీద సాయపడునది తేలికయైన పడవ, తక్కువ సామాను మాత్రమే. అందుచేతనే నేడు కెవ్లార్ అను గట్టి నారతో 20 కిలోగ్రాముల కనూలను చేయుచున్నారు.

టైరు, గాలి, దారి

గాలి టైరు చిన్న రాళ్లను తనలోనికి అణచుకొనును. గట్టి టైరు ప్రతి రాతిపైకిని ఎక్కి దిగును. అంతే గాక, గాలి టైరు నేలపై మోపు పీడనము దాదాపుగా దానిలోని గాలి పీడనమునకు సమానము. ఒక్కొక్క చక్రముపై 30 కిలోగ్రాములు ఉన్నవి. గాలి పీడనము చదరపు సెంటీమీటరునకు 2 కిలోగ్రాములైనచో టైరు సుమారు 15 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకును. గాలిని తగ్గించి 1 కిలోగ్రాము చేసినచో 30 చదరపు సెంటీమీటర్లు తాకును. టైరు అంత వెడల్పుగా చదునగుటచే ఇసుకలోను, బురదలోను తక్కువగా దిగబడును. మన పల్లెలలో ఇనుప పట్టా చక్రములకు బదులు టైరు బండ్లు వచ్చిన పిదప రోడ్లు గాడులు పడుట తగ్గుటకు కారణము ఇదియే.

గాలి టైరునకు గల దోషము ముల్లు. దారి మధ్యమున ట్యూబు చిల్లుపడినచో అతుకు, జిగురు, చిన్న గాలి పంపు దగ్గర ఉండవలెను. ఇవి మోయుటకు ఇష్టము లేనివారు లోపల నురుగు రబ్బరు నింపిన టైరులను వాడుదురు. అవి కొంచెము బరువు, కొంచెము కఠినము. కాని చిల్లుపడుట అనునది లేదు.

ఇరుసు, కందెన

బండి అనగానే చాలమంది మొదట అడుగునది బాల్ బేరింగులు ఉన్నవా అని. ఇక్కడ కూడ లెక్క వేసి చూడవలెను. 16 మిల్లీమీటర్ల ఇరుసుపై సాధారణమైన గొట్టపు బుష్‌తో తిరుగు 50 సెంటీమీటర్ల చక్రమును తీసికొందము. ఘర్షణ గుణకము 0.2 అనుకొన్నచో, ఇరుసువద్ద ఘర్షణ 12 కిలోగ్రాములు. కాని ఆ ఘర్షణ పనిచేయునది 0.8 సెంటీమీటర్ల వ్యాసార్ధముపై; చక్రపు వ్యాసార్ధము 25 సెంటీమీటర్లు. కనుక లాగువానికి తెలియునది 12 × 0.8 ÷ 25, అనగా 0.4 కిలోగ్రాములకంటె తక్కువ. వేరును దాటుటకు కావలసిన 45 కిలోగ్రాములతో పోల్చినచో ఇది లెక్కలోనికి రాదు. నీటిలోను, ఇసుకలోను మునిగి తేలు బండికి బాల్ బేరింగులు తుప్పుపట్టి బిగిసికొనిపోవు భయము కూడ కలదు. విప్పి, కడిగి, కందెన రాయదగిన సాదా బుష్ అట్టిచోట నమ్మదగినది.

ఇరుసునకు ముఖ్యముగా ఉండవలసిన గుణము వంగకుండుట. కడ్డీ వంపును ఓర్చుకొను శక్తి దాని వ్యాసపు ఘనముననుసరించి పెరుగును. 12 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు అదే లోహపు 16 మిల్లీమీటర్ల కడ్డీని వేసినచో శక్తి సుమారు 2.4 రెట్లగును. బరువు పెరుగునది 1.8 రెట్లే.

భారము ఇరుసుపై ఎచ్చట మోపబడుననునదియు అంత ముఖ్యమే. చక్రముల నడుమ దూరము 60 సెంటీమీటర్లనుకొందము. భారమంతయు ఇరుసు నడుమ మోపినచో అచ్చటి వంపు భ్రామకము 30 × 30, అనగా 900. రెండు ఆధారములను చెరియొక చక్రమునుండి 10 సెంటీమీటర్ల దూరమునకు జరిపినచో అది 30 × 10, అనగా 300 మాత్రమే. క్రొత్త ఇరుసు కొనకయే బండి మూడు రెట్లు గట్టిపడినది. కొన్న బండిలో చేయదగిన మార్పులలో ఇది మిక్కిలి చవుకయైనది.

వెడల్పు, బోర్లపాటు

పెద్ద చక్రము వేసినచో పడవ ఎత్తుగా నిలుచును. గరిమనాభి నేలనుండి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. చక్రముల నడుమ దూరము 40 సెంటీమీటర్లే అయినచో, ఒక చక్రము 15 సెంటీమీటర్ల రాతిపైకెక్కగానే గరిమనాభినుండి దింపిన నిట్టనిలువు గీత రెండవ చక్రమును దాటి ఆవల పడును. పడవ బోర్లపడును. నడుమ దూరము 60 సెంటీమీటర్లైనచో అదే రాతిపై ఆ గీత చక్రముల నడుమనే పడును. పడవ ఒరగును గాని పడదు. కనుక చక్రపు వ్యాసమును పెంచినవాడు చక్రముల నడుమ దూరమును కూడ పెంచవలెను. అయితే దారి వెడల్పును మరువరాదు. రెండు చెట్ల నడుమ పట్టని బండి ఎంత స్థిరమైనదైనను నిరుపయోగమే.

ఇరుసు ఎచ్చట ఉండవలెను?

ఎడ్లబండి తోలువారికి ఒక విషయము బాగుగా తెలియును. బరువు ముందు ఎక్కువైనచో కాడి ఎడ్ల మెడలను అణచును. వెనుక ఎక్కువైనచో కాడి పైకి లేచును. కనూ బండికిని ఇదియే నియమము.

బండిని సరిగా పడవ నడుమక్రింద ఉంచితిమనుకొందము. 28 కిలోగ్రాముల సామాను నడుమకు 60 సెంటీమీటర్లు ముందుగా ఉన్నది. దాని భ్రామకము 28 × 0.6 = 16.8. పడవ ముందు కొనను, నడుమకు 2.4 మీటర్ల దూరమున, పట్టుకొన్న మనిషి 16.8 ÷ 2.4 = 7 కిలోగ్రాములను ఎల్లప్పుడు మోయుచుండవలెను. ఒక గంట నడచినచో ఈ 7 కిలోగ్రాములే చేయి పడిపోవునట్లు చేయును. బండిని 28 సెంటీమీటర్లు ముందుకు జరిపినచో ఇరుసు గరిమనాభి క్రిందికి వచ్చి చేతిపై బరువు సున్న అగును.

సున్న మంచిదా? నేల చదునుగా ఉన్నంతవరకే. గరిమనాభి ఇరుసుకంటె ఎత్తున ఉండుటచే, ఎత్తు ఎక్కునప్పుడు అది ఇరుసునకు వెనుకకు ఒరగును. ముందు కొన చేతినుండి పైకి లేచును. దిగునప్పుడు ముందుకు ఒరగి చేతిపై పడును. కనుక బండిని 28కి బదులు 20 సెంటీమీటర్లే జరిపినచో చేతిపై సుమారు 2 కిలోగ్రాములు నిలుచును. ఈ కొద్దిపాటి బరువు ఎక్కుడులోను ముందు కొనను అదుపులో ఉంచును. దీనిని కొలుచుటకు పరికరములు అక్కరలేదు. సామానంతయు వేసి, ముందు కొనను రెండు వ్రేళ్లతో ఎత్తగల్గునంతవరకు బండిని కొంచెముకొంచెముగా జరుపవలెను. పిదప ఆ స్థానమున పడవ అంచుపై ఒక గుర్తు పెట్టుకొన్నచో తరువాతి మోతదారిలో మరల వెదకనక్కరలేదు.

కట్టు

మోతదారిలో ఎక్కువగా వినబడు ఫిర్యాదు చక్రము విరిగినదని కాదు, బండి పడవ క్రిందినుండి జారిపోయినదని. కారణము స్పష్టమే. మనిషి లాగునది పడవను. వేరు, రాయి వెనుకకు నెట్టునది చక్రమును. ఈ రెండింటి నడుమ బండిని నిలుపునది దిండ్ల ఘర్షణ మాత్రమే. తడిసిన పడవ అడుగుపై ఆ ఘర్షణ స్వల్పము. పడవ ముందుకు పోవును, బండి వెనుకకు జారును.

పడవ చుట్టును బిగించిన పట్టీలు నిలువు కదలికను ఆపును గాని ఈ జారుటను పూర్తిగా ఆపలేవు. అందుచేత బండి చట్రమునుండి ముందుకు పోయి, పడవలోని అడ్డబద్దకు కట్టు మరియొక పట్టీ కావలెను. లాగు బలమును చక్రమువరకు చేర్చునది ఈ పట్టీయే. వాలు దిగునప్పుడు వెనుకనుండి త్రాటితో పడవను నిలువరించుదురు గనుక, వెనుకటి అడ్డబద్దకు కూడ అట్టి పట్టీ ఒకటి ఉండుట మేలు. దిండ్లకు రబ్బరు తొడిగినచో ఘర్షణ పెరుగును, పడవ అడుగు గీసికొనిపోదు. పట్టీలను వంద అడుగులు నడచిన పిదప మరియొకసారి బిగించవలెను. మొదటి కుదుపులలో పడవ దిండ్లపై సర్దుకొనును.

చట్రమునకు మడచు కాలు ఒకటి అమర్చినచో బండి తనంత తాను నిలుచును. అప్పుడు ఒక మనిషియే పడవ ఒక కొనను ఎత్తి దానిపై ఆనించగలడు. చక్రములు చీలలతో ఊడివచ్చునట్లు ఉన్నచో బండి పడవలో చదునుగా ఇముడును. చీల చిన్న వస్తువు. గడ్డిలో పడినచో దొరకదు. దానిని సన్నని గొలుసుతో చట్రమునకు కట్టియుంచవలెను. వేరుగా రెండు చీలలు, ఒక పట్టీ, కొంత గట్టి తీగె సంచిలో ఉండవలెను.

తరగతిలో ఒక ప్రయోగము

చక్రపు పరిమాణమును గూర్చిన లెక్కను పాఠశాలలో సులభముగా పరీక్షింపవచ్చును. వేరు వేరు వ్యాసములు గల రెండు గుండ్రని డబ్బాలను తీసికొని, రెండింటిలోను ఇసుకపోసి బరువు సమానము చేయవలెను. ఇసుక లోపల కదలకుండ నిండుగా కూరవలెను. చిన్నదానిలో ఇసుక పట్టనిచో గులకరాళ్లు కలుపవచ్చును. మూతకును అడుగునకును నడుమ రంధ్రములు చేసి, ఒక ఇనుప కడ్డీని ఇరుసుగా దూర్చి, దానికి దారమును స్ప్రింగు త్రాసును కట్టవలెను. బల్లపై ఒక సన్నని పుస్తకమును అడ్డముగా అతికించి, డబ్బాను దానికి ఆనించి, త్రాసును మెల్లగా అడ్డముగా లాగవలెను. డబ్బా పుస్తకముపైకి లేచు క్షణమున త్రాసు చూపు అంకెను వ్రాసికొనవలెను. పుస్తకపు మందమును, డబ్బా వ్యాసార్ధమును కొలిచి పై పద్ధతిని లెక్కించిన అంకెతో పోల్చి చూడవలెను. పిదప పుస్తకపు మందమును రెట్టింపు చేసినచో ఏమగునో విద్యార్థులు ముందుగా లెక్కించి, అటుపిమ్మట లాగి చూచినచో పాఠము మరింత మనస్సునకు పట్టును.

చివరి పరీక్ష

బండి పూర్తియైన పిదప దానిని ఇంటి ముంగిట నడిపి సంతోషించుట చాలదు. ప్రయాణమునకు పూర్వమే పూర్తి బరువుతో, రాళ్లుగల దారిలో, కనీసము ఒక మోతదారి పొడవున నడిపి చూడవలెను. వంగిన ఇరుసు, జారిన దిండు, వదులైన పట్టీ అచ్చట కనబడినచో ఇంటివద్ద సరిచేయవచ్చును. రెండవ సరస్సునకును మూడవ సరస్సునకును నడుమ ఇరుసు విరిగినచో మిగిలిన మోతదారి మరల మూడు రెట్లు అగును. అంతేగాక పడవను మోయుటకు తెచ్చిన బండిని కూడ మోయవలసి వచ్చును.

కనుక బండిని దారిలోని మంచి భాగమును చూచి కాక, మిక్కిలి చెడ్డ భాగమును చూచి ఎన్నుకొనవలెను. ఆ చెడ్డ భాగమున పనికివచ్చునది మెరయు రంగు కాదు, ఖరీదైన బేరింగులు కాదు. తగినంత పెద్ద చక్రము, దానికి తగిన వెడల్పు, వంగని ఇరుసు, గరిమనాభికి దగ్గరగా దాని స్థానము, ముందుకు లాగికట్టిన ఒక పట్టీ. ఇవి కుదిరిన బండి పడవను అవతలి ఒడ్డునకు చేర్చును. అచ్చట చీలలు తీసి, చక్రములు విప్పి, బండిని పడవలో వేసికొన్న క్షణమున పాత్రలు మారును. అంతవరకు పడవను మోసిన బండిని ఇకమీదట పడవ మోయును. ఆ రెండింటిని కలిపి నీరు మోయును.